హనుక్కాకి పుస్తకాలు: ఏ ఇంటికి, ఏ వయసుకి, ఏది కొనాలి?

న్యూజెర్సీలో మా పక్కింటివాళ్ళు యూదులు. మేం ఆ వీధిలోకి మారిన ఏడాదే, ఎనిమిది రాత్రులు దీపాలు వెలిగించే వాళ్ళ పండగ హనుక్కాకి పిలిచారు. ఖాళీ చేతులతో వెళ్ళలేం కదా, వాళ్ళ ఏడేళ్ళ పాపకి రంగులు వేసుకునే పుస్తకం, ఒక క్రేయాన్ల పెట్టె పట్టుకెళ్ళాను. శుక్రవారం సాయంత్రం, ఇంకా పొద్దు గుంకలేదు. పాప సంచిలోంచి తీసి మురిసిపోయింది. ఆ వెంటనే స్టూలెక్కి రెండూ పై అరలో పెట్టేసింది. రేపు రాత్రి మూడు నక్షత్రాలు కనిపించాకే తీస్తానంది. ఇరవై నాలుగ్గంటలు చూస్తూ కూర్చోవాల్సిన బహుమతి ఇచ్చానన్నమాట!

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను ముందు చెప్పేది వయసు గురించి కాదు.

ముందు రోజు చూడండి, ఇల్లు చూడండి

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చీకటి పడేదాకా షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. దాన్ని గట్టిగా పాటించే ఇళ్ళలో ఆ సమయంలో రాయరు, బొమ్మలు గీయరు, కరెంటు స్విచ్ వేయరు. అంటే రంగుల పుస్తకం, నొక్కితే పాట పాడే బ్యాటరీ పుస్తకం, కిండిల్, ఆడియో పుస్తకం ఏవీ పనికిరావు. మిగిలేది కాగితం పుస్తకమే. టీవీ, ఫోన్ లేని ఆ పొడవాటి శనివారం మధ్యాహ్నం దానికి దక్కే మర్యాద ఇంకెప్పుడూ దక్కదు. అన్ని ఇళ్ళూ ఇలా ఉండవు. ఫోన్ మామూలుగానే వాడుకునే కుటుంబాలు బోలెడు. అడిగితే తప్పేం లేదు, వాళ్ళు సంతోషంగా చెబుతారు.

2026లో హనుక్కా డిసెంబర్ 4, శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. ఎనిమిదో దీపాల రాత్రి డిసెంబర్ 11, అదీ శుక్రవారమే. మధ్యలో ఆదివారం నుంచి శుక్రవారం పగటిదాకా పని చేసుకోవచ్చు, రాసుకోవచ్చు, కాబట్టి రంగుల పుస్తకాలకి అప్పుడు అడ్డు లేదు.

తర్వాత వయసు

నెలల పిల్లలకి దళసరి అట్ట పుస్తకం చాలు. ఎలాగూ నోట్లోనే పెట్టుకుంటారు.

మూడు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళ దగ్గర మాత్రం తొందరపడకండి. హనుక్కా దీపాలు చీకటి పడ్డాక కనీసం అరగంట వెలగాలన్నది నియమం. ఆ వెలుగులో పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ చదివే ఇళ్ళున్నాయి. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, పైకి చదివితే పది నిమిషాలు. కొనే ముందు షాపులోనే రెండు పేజీలు పైకి చదివి చూడండి. పక్కవాళ్ళు వింతగా చూస్తే చూడనివ్వండి. మీ నాలుక తడబడే వాక్యం దగ్గరే పిల్లలు లేచి పోతారు.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ విషయంలో మనలాంటి బయటివాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. యూదుల పుస్తకం అనగానే హోలోకాస్ట్, అంటే నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన కాలం నాటి కథ తీసుకెళ్తాం. ఆ చరిత్ర చెప్పాల్సిందే. కానీ వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియమే దాన్ని ఆరో తరగతి, ఆ పై పిల్లలకి బోధించమంటుంది. తల్లిదండ్రులు అడిగితే తప్ప పండగ రాత్రి ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతిలో అది పెట్టకండి. డిటెక్టివ్ కథలు, దయ్యాల కథలు, నవ్వించే గ్రాఫిక్ నవలలు, బేస్‌బాల్ కథలు, అన్నీ యూదు పిల్లలు హీరోలుగా వస్తున్నాయి.

యూదు సంప్రదాయంలో అమ్మాయికి పన్నెండు, అబ్బాయికి పదమూడు నిండితే మతపరంగా పెద్దవాళ్ళ కింద లెక్క. ఆ వయసు వాళ్ళకి నీతులు చెప్పే పుస్తకం ఇస్తే అది అటక మీదికే. నవల ఇవ్వండి.

పెద్దవాళ్ళకి నవల, చరిత్ర, వంటల పుస్తకం, ఏదైనా నడుస్తుంది. ఇంట్లో తాతగారో బామ్మగారో ఉంటే లార్జ్ ప్రింట్ దొరుకుతుందేమో అడగండి. మంచి పుస్తకమే కొని, చీమల్లాంటి అక్షరాలు వాళ్ళ ముందు పెట్టి ఏం లాభం?

కొత్త పుస్తకం ఎక్కడ పట్టుకోవాలి?

పిల్లల పుస్తకాలకి నమ్మకమైన గుర్తు సిడ్నీ టేలర్ అవార్డు. 1951 నుంచి న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఐదుగురు అక్కచెల్లెళ్ళ కథలు రాసిన రచయిత్రి పేరు మీద, 1968లో మొదలైన ఈ అవార్డుని యూదు లైబ్రరీల సంఘం ఇస్తోంది. బొమ్మల పుస్తకం, చిన్నపిల్లలకీ టీనేజ్‌కీ నడిమి వయసు, టీనేజ్, ఈ మూడు విభాగాలు. పెద్దల పుస్తకాలకైతే జ్యూయిష్ బుక్ కౌన్సిల్ అనే సంస్థ 1950 నుంచి అవార్డులిస్తోంది.

ఇందులో ఒక చిక్కుంది. ఈ అవార్డులు బయటికొచ్చేది జనవరిలో. డిసెంబర్‌లో మీరు షాపుకెళ్ళేసరికి ఆ ఏడాది పుస్తకాల మీద ఇంకా ఏ ముద్రా ఉండదు. అంత కొత్తవి కావాలంటే కౌన్సిల్ ఏడాది పొడవునా వేసే సమీక్షలు చూడాలి. హనుక్కాకి ముందు నెలని అక్కడ జ్యూయిష్ బుక్ మంత్ అంటారు. 1925లో బోస్టన్‌లో ఫానీ గోల్డ్‌స్టీన్ అనే లైబ్రేరియన్ వారం రోజుల ప్రదర్శనగా మొదలుపెట్టింది, తర్వాత నెలయింది. కొత్త పుస్తకాల సందడి ఎక్కువగా కనిపించేది ఆ రోజుల్లోనే.

కొనేటప్పుడు కాపీరైట్ పేజీ తిప్పండి. పాత పుస్తకానికి కొత్త అట్ట వేసి అమ్మడం అక్కడా ఉంది. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ నుంచి కొత్తగా అనువాదమై వచ్చిన పాత నవలని మాత్రం నేను కొత్తదానికిందే లెక్కేస్తాను.

బొమ్మలు లెక్కపెట్టండి

హనుక్కా దీపస్తంభానికి తొమ్మిది కొమ్మలుండాలి. ఎనిమిది రాత్రులకి ఎనిమిది, వాటిని వెలిగించే దీపానికి ఒకటి. ఏడు కొమ్మలది జెరూసలేం ఆలయంలో ఉండేది, వేరు. పిల్లలు ఆడే నాలుగు పలకల బొంగరం మీద నూన్, గిమెల్, హే, షిన్ అనే హీబ్రూ అక్షరాలుంటాయి. ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అనే హీబ్రూ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలవి. ఇజ్రాయెల్‌లో షిన్ బదులు పే ఉంటుంది, ఎందుకంటే వాళ్ళకది ‘ఇక్కడ’. బొమ్మలో హనుక్కా దీపస్తంభానికి కొమ్మలు ఏడే ఉంటే, ఆ పుస్తకాన్ని తెలిసినవాళ్ళు ఎవరూ చూడలేదన్నమాట. పక్కన పెట్టేయండి.

ఇంకోటి, పుస్తకాలన్నీ తూర్పు యూరప్, పండగకి వేసే బంగాళదుంప అట్ల చుట్టూనే తిరగక్కర్లేదు. మొరాకో, ఇథియోపియా, ఇరాక్ యూదుల కథలూ ఉన్నాయి. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు అటుకులు, కొబ్బరితో మలీదా చేస్తారు. మన గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం కుటుంబాలు తెలుగులోనే మాట్లాడుకుంటూ షబ్బాత్ పాటిస్తాయి. ఇలాంటి పుస్తకం తీసుకెళ్తే ఆ పూట మాటలకి కొదవుండదు.

చివర్లో రెండు పనులు

2026లో థాంక్స్‌గివింగ్ నవంబర్ 26. అది అయ్యాక వారం తిరిగేసరికి హనుక్కా. దాని మర్నాటి బ్లాక్ ఫ్రైడే డిస్కౌంట్ కోసం ఆగితే పార్శిల్ సమయానికి రాకపోవచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే పీజే లైబ్రరీ పుస్తకాలు వస్తున్నాయా అని ముందే కనుక్కోండి. 2005 నుంచి అది పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితంగా పంపుతోంది. మీరు కొన్నదే వాళ్ళ అరలో ఉండొచ్చు. అనుమానముంటే గిఫ్ట్ రసీదు లోపల పెట్టి, పిల్లల పేరూ మీ పేరూ పుస్తకం మీద కాకుండా విడి కార్డు మీద రాయండి. అది కూడా ఇంట్లోనే రాసుకుని బయల్దేరండి. శుక్రవారం దీపాలు వెలిగాక వాళ్ళింట్లో పెన్ను అడగకూడదు.