నిప్పుల మీద పండ్ల తీపి – మూడో పాఠం: కింద జాంకాయ, పైన జొన్నపిండి

మొదటి రెండు పాఠాల్లో పాత్ర సంగతి, నిప్పుల సంగతి అయిపోయాయి కాబట్టి ఇవాళ నేరుగా పండు దగ్గరికి వచ్చేద్దాం. చేయబోయేది మామూలు వంటకమే. అడుగున పండ్ల ముక్కలు, పైన పొడిపొడిగా పిండి పొర, రెండూ కలిసి కిందా పైనా పెట్టిన నిప్పుల సన్నని వేడి మీద అరగంట పైన మగ్గితే కింద రసం చిక్కబడుతుంది, పైన కరకరలాడుతుంది. బేకరీలో క్రంబుల్ అని అమ్మేది ఇదే. అక్కడి లెక్క ఏమిటంటే మైదా ఎంతో అందులో సగం వెన్న, సగం చక్కెర, అది చాలదన్నట్టు పండ్ల ముక్కల మీద ఇంకో గుప్పెడు చక్కెర.

చాలామంది చేసేది ఏంటంటే, హెల్దీ అని పేరు పెట్టి చక్కెర సగానికి కోసేసి, మైదా తీసి ఏదో ఒక చిరుధాన్యం పిండి పోసేసి ఓవెన్‌లో పెట్టేస్తారు. పిల్లలు ఒక ముద్ద తిని పక్కన పెడతారు. ఎందుకంటే చక్కెర తీసేస్తే తీపి ఒక్కటే పోదు. పండులోని నీళ్లను బయటికి లాగి పాకంలా మార్చేది అదే, పైపొరని ఎర్రగా కాల్చేది అదే, చల్లారాక కరకరలాడించేదీ అదే. వెన్న తీసేస్తే పిండి గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని దేన్ని తీసేస్తున్నామో, దాని పని ఇంకెవరికి అప్పజెప్పాలో ముందే చూసుకోవాలి. ఇవాళ్టి పాఠమంతా ఈ లెక్కే.

రసం చిక్కబరిచే పని జాంకాయది. ఇప్పుడు చలికాలం, ఊరూరా తోపుడు బండ్ల మీద దొరుకుతుంది, పైగా దీంట్లో పెక్టిన్, అంటే పండు రసాన్ని గట్టిపరిచే పదార్థం, మస్తుగా ఉంటుంది కాబట్టి చక్కెర పోయకపోయినా రసం దానంతటదే దగ్గరపడుతుంది. బాగా పండినవి వద్దు, ఉడికేసరికి గుజ్జైపోతాయి. దోరకాయలు, నొక్కితే కొద్దిగా లోపలికి పోయేవి, మధ్యరకంవి ఆరు తీసుకోండి, ముప్పావు కిలో దాకా తూగుతాయి, నలుగురైదుగురికి సరిపోతుంది. తీపి పని అరటిపండుది. తొక్క మీద నల్లమచ్చలు వచ్చినవి రెండు చాలు, అంతకంటే పచ్చిగా ఉంటే తీపి చాలదు.

జాంకాయ కోయడం దగ్గర కాస్త ఓపిక కావాలి. నాలుగు చీలికలు చేసి, మధ్యలో గింజలున్న భాగాన్ని చెంచాతో గీకి ఒక గిన్నెలో వేసుకోండి, పారేయొద్దు. గట్టిగా ఉన్న పై భాగాన్ని అరంగుళం ముక్కలు చేయండి, తొక్క తీయనక్కర్లేదు. గింజల గుజ్జులో అర గ్లాసు నీళ్లు పోసి చేత్తో బాగా పిసికి జల్లెడలో వడకట్టండి. వచ్చే ఆ చిక్కటి తెల్లని రసమే మనకి చక్కెర పాకం బదులు. ఇప్పుడు ఇనుప గంజులో, అంటే లోతైన వంట గిన్నెలో, ముక్కలు, ఈ రసం, నలిపిన ఒక యాలక్కాయ, చిటికెడు సొంఠి వేసి మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉడకనివ్వండి. దోర జామ ముక్క దానంతటది మెత్తబడడానికి మొండికేస్తుంది, ఈ ముందు ఉడుకు ఎగ్గొడితే పైపొర మాడిపోయాక కూడా కింద ముక్క పంటికి గట్టిగానే తగులుతుంది. ముక్కలో చెంచా అంచు దిగుతుంటే దింపేసి, అరటిపండ్లు మెదిపి కలిపి, సగం నిమ్మచెక్క పిండండి. నకిరేకల్ వైపు వాళ్లకి నిమ్మకాయల గురించి నేను చెప్పక్కర్లేదు గానీ, ఇక్కడ పులుపు రుచికి మాత్రమే కాదు, పెక్టిన్ సరిగ్గా గట్టిపడాలంటే కాస్త పులుపు తగలాలి.

ఈ లోపు మహబూబ్‌నగర్ వాళ్లు సీతాఫలం వేయొచ్చా అని అడుగుతారని తెలుసు. బాలానగర్ సీతాఫలం అంత మంచి పండు ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను, కానీ పొయ్యెక్కించొద్దు, వేడి తగిలితే దాని గుజ్జు చేదెక్కుతుంది. నల్లగొండ బత్తాయి రసానిదీ అదే తీరు. సీతాఫలం కాలంలో చేస్తే గింజలు తీసిన గుజ్జును వడ్డించేటప్పుడు పైన చల్లగా పెట్టుకోండి, బత్తాయి తొనలు పక్కన పెట్టుకోండి. బొప్పాయి మాత్రం వద్దంటే వద్దు, నీరు కారిపోతుంది.

ఇక పైపొర. జొన్నపిండి వంద గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు ఎనభై గ్రాములు, నువ్వులు రెండు పెద్ద చెంచాలు, తురిమిన బెల్లం నలభై గ్రాములు, నెయ్యి రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. ఇందులో వెన్న పని ఎక్కువగా పల్లీలు చేస్తాయి, వాటి బరువులో దగ్గర దగ్గర సగం నూనే ఉంటుంది. అయితే మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, రవ్వలా ఉండగానే తీసేయాలి, ఇంకో రెండు తిప్పులు ఎక్కువైతే నూనె వదిలి ముద్దైపోతుంది, ఆ ముద్దతో పొడిపొడి పొర రాదు.

జొన్నపిండి విషయంలో మన దగ్గరి వాళ్లకి ఒక సులువు ఉంది. జొన్నలో గ్లూటెన్, అంటే గోధుమపిండిని సాగేలా చేసే జిగురు, లేదు, అందుకే రొట్టె చేసేటప్పుడు వేడినీళ్లు పోసి కలుపుతాం, వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగట వస్తుంది కాబట్టి. మైదాతో చేసేవాళ్లు ఎక్కువ కలిపితే సాగుతుందని భయపడుతూ చల్లటి వెన్నను వేలికొసలతో నలుపుతుంటారు, మనకి ఆ టెన్షన్ లేదు, ఎంత కలిపినా జొన్న సాగదు. దీని తలనొప్పి వేరే ఉంది, పచ్చిపిండి అలాగే వేస్తే నోట్లో ఇసకలా తగులుతుంది. కాబట్టి ముందు పెనం మీద సన్న సెగన ఐదారు నిమిషాలు, పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. తర్వాత నెయ్యి, బెల్లం, పల్లీరవ్వ, నువ్వులు, ఉప్పు కలిపి, బాగా మరిగిన నీళ్లు రెండు మూడు చిన్న చెంచాలు అక్కడక్కడా చిలకరించి వేళ్లతో నలపండి. పిడికిట్లో పట్టి వత్తితే ఉండ కట్టాలి, బొటనవేలితో తోస్తే విరిగిపోవాలి. ఉండ కట్టకపోతే ఇంకొక చెంచా నీళ్లు, విరగకపోతే ఒక గుప్పెడు పిండి. శనగగింజంత ఉండలు కొన్ని, పొడి కొంత ఉండేలా వదిలేయండి, మరీ మెత్తగా నలిపేయొద్దు, ఆ ఉండలే కరకరలాడేది.

బెల్లం గురించి ఒక మాట. బెల్లం వేశాం కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు అని ఎవరైనా అంటే నమ్మకండి, బెల్లమూ చక్కెరే, ఒంట్లో గ్లూకోజ్ పెంచడంలో పెద్ద తేడా ఏం ఉండదు. ఇక్కడ మేలు ఎక్కడుందంటే మొత్తం గంజుకి నలభై గ్రాములే వాడుతున్నాం, ఐదుగురు తింటే మనిషికి ఎనిమిది గ్రాములు. అరటిపండు తీపి దీనికి అదనం, అది కూడా లెక్కలో పెట్టుకోవాల్సిందే.

పండ్ల మీద ఈ పిండిని చల్లండి, అదిమిపెట్టొద్దు. గంజు సగానికి మించి నిండకూడదు, పైపొరకీ మూతకీ మధ్య మూడు వేళ్ల ఎడం లేకపోతే పైన మాడుతుంది. మూతగా జొన్నరొట్టెల ఇనుప పెనం బోర్లించకుండా పెట్టండి, దాని గుంటలో నిప్పులు కదలకుండా కూర్చుంటాయి. మూడు రాళ్ల మీద గంజు, కింద నిప్పులు ఒక వంతు, పైన పెనంలో రెండు వంతులు. కింది నిప్పులు నడిమధ్యలో కుప్పగా పోయకుండా గంజు అంచు చుట్టూ గుండ్రంగా పేర్చాలి, లేకపోతే అడుగు నడుమ అంటుకుపోతుంది. సర్కారు తుమ్మ బొగ్గులు దీనికి చాలా బాగుంటాయి, చాలాసేపు నిలకడగా వేడినిస్తాయి, మన జిల్లాల్లో ఆ చెట్టుకి కొదవ లేదు. గన్నేరు కట్టె మాత్రం పొరపాటున కూడా మంటలో పెట్టొద్దు, దాని పొగ కూడా విషమే.

చూడ్డానికి ఇది అచ్చం దమ్ బిర్యానీ ఏర్పాటే, కానీ ఒక్క దగ్గర తిరగబడుతుంది. దమ్‌లో ఆవిరి బయటికి పోకుండా అంచుకి పిండి మెత్తుతాం, ఇక్కడ ఆవిరి పోవాలి. లోపలే ఉంటే మూతకి తగిలి నీటిచుక్కలై పైపొర మీద పడుతుంది, అప్పుడు మీరెంత నెయ్యి పోసినా అది సద్దిముద్దలాగే ఉంటుంది. అందుకని ఇరవై నిమిషాలు అయ్యాక గంజు అంచుకీ పెనానికీ మధ్య ఒక స్టీలు చెంచా కాడ దూర్చండి, ఆ సందులోంచి ఆవిరి సన్నగా బయటికి వస్తూ కనబడుతుంది. ఆవిరి తగ్గిందంటే పైన ఎండడం మొదలైనట్టు.

సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున టెంట్ వేసుకునేవాళ్లకి గాలితో ఇబ్బంది. గాలి వచ్చే వైపు నిప్పు ఎక్కువ రాజుకుని ఆ పక్క మాడుతుంది, అందుకని పది నిమిషాలకొకసారి గంజుని పావు వంతు ఒకవైపుకి, పెనాన్ని పావు వంతు రెండోవైపుకి తిప్పండి. పెనం తీసేటప్పుడు పట్టకారుతో నిటారుగా పైకి లేపాలి, ఏ మాత్రం వంచినా బూడిదంతా పిండిలో పడుతుంది. మన్ననూరు, ఫరహాబాద్ వైపు అడవిలోకి పోయేవాళ్లు అసలు ఈ ప్రయత్నమే పెట్టుకోవద్దు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా అక్కడ నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, చలికాలం చివర ఎండుగడ్డి సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో చేసుకుని డబ్బాలో పట్టుకుపోండి, చల్లగా కూడా బాగుంటుంది.

ఇంట్లో అయితే పెద్ద కథ లేదు. ఓవెన్‌ని ముందే 180 డిగ్రీలకు వేడి చేసి మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు. ఓవెన్‌లో గాజు లేదా పింగాణీ గిన్నె వాడండి. నిమ్మరసం ఉంది కాబట్టి సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలో పెట్టొద్దు.

అయిందా లేదా అని వాసన చూసి చెప్పలేం, పల్లీ వాసన పదో నిమిషానికే కమ్మగా వచ్చి మోసం చేస్తుంది. గంజు అంచున రసం ఎలా ఉడుకుతుందో చూడండి. చిన్న చిన్న బుడగలు గబగబా వస్తుంటే ఇంకా నీళ్లే ఉన్నట్టు, పెద్ద బుడగ నిదానంగా ఉబ్బి బద్దలైతే అయినట్టు. దింపిన వెంటనే గరిటె పెట్టొద్దు, పావుగంట ఆగితే రసం గట్టిపడి ముక్కకు పట్టుకుంటుంది. ఐస్‌క్రీమ్ బదులు ఒక చెంచా గడ్డపెరుగు వేసుకోండి, పుల్లటిది కాకుండా కమ్మటిది. మిగిలితే ఇనుప గంజులో రాత్రంతా ఉంచకండి, పులుపుకి ఇనుము రుచి ఎక్కుతుంది, స్టీలు డబ్బాలోకి తీసేసి పొద్దున పెనం మీద మూత లేకుండా వేడి చేసుకుంటే పైపొర మళ్లీ కరకరలాడుతుంది.

వచ్చే పాఠానికి ముందు ఒకసారి జొన్నపిండి బదులు సగం జొన్న, సగం సజ్జ వేసి చేసి చూడండి, సజ్జ ఎక్కువ నెయ్యి పీలుస్తుందా తక్కువా అన్నది గమనించి రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో కొల్లాపూర్ మామిడితో పని, అక్కడ నీళ్ల గొడవ దీనికి రెండింతలు ఉంటుంది కాబట్టి ఆ లెక్క అవసరం పడుతుంది.