పాత కారు వెనుక లైట్లు మార్పించే ముందు జాగ్రత్తలు

పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ గడువు దగ్గర పడగానే చాలామంది వెనుక లైట్ల పనికి పూనుకుంటారు. మారుతి 800 వంటి 12 వోల్టుల బండ్లలో ముందుగా చూసుకోవలసినవి ఇవి.

– ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజును గానీ రాగి తీగను గానీ పెట్టనీయకండి. షార్ట్ అయినప్పుడు ఫ్యూజుకు బదులు మ్యాట్ కింది వైర్లే కాలి కారు అంటుకోవచ్చు.

– డిక్కీలో గ్యాస్ సిలిండరు ఉంటే అక్కడ సోల్డరింగ్ చేయించకండి. నిప్పు రేగడానికి చిన్న లీకు చాలు.

– బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటరు కూడా మసకగా వెలుగుతుంటే, వైరింగంతా మార్చాలన్న మాట నమ్మే ముందు ఎర్త్ వైరు బాడీకి కలిసేచోట తుప్పు గీకించి చూడండి. కరెంటు బాడీ గుండానే బ్యాటరీకి తిరిగి చేరాలి కనుక, ఆ దారి మూసుకుపోతే అది పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది. చాలాసార్లు ఈ పని ఎమరీ పేపరు ముక్కతోనే తీరిపోతుంది.

– 21 వాట్ల ఇండికేటరు బల్బు తీసి ఎల్‌ఈడీ వేస్తే లోడు తగ్గి, ఇండికేటరు అతివేగంగా కొట్టుకోవచ్చు. ఇండికేటరును ఆర్పి వెలిగించే ఫ్లాషరును కూడా ఎల్‌ఈడీకి తగినదిగా మార్పించండి. దానికి బదులు తగ్గిన లోడును భర్తీ చేసే రెసిస్టరుతో సరిపెడితే అది బాగా వేడెక్కుతుంది కనుక ప్లాస్టిక్‌కు ఆనించకూడదు.

– వెనుక లైట్ల అద్దాలపై నల్లని ఫిల్ము వద్దు; ఎండలో బ్రేకు లైటు వెనుకవారికి కనిపించదు, ఫిట్‌నెస్ తనిఖీలోనూ అభ్యంతరం వస్తుంది.