షుగరుకు హోమియో వాడదలచినవారు పాటించవలసిన పద్ధతి

రోజూ వేసుకునే మాత్రలు కిడ్నీలను పాడుచేస్తాయన్న భయంతో షుగరుకు హోమియో వైపు మళ్లేవారు మన శ్రీకాకుళం జిల్లాలో ఉన్నారు. కవిటి, సోంపేట, మందస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బును కళ్లారా చూసినవారికి ఆ భయం కలగడంలో వింత లేదు. అయితే ఆ ప్రాంతంలోని ఈ ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు గాని, అదుపు తప్పిన షుగరు కిడ్నీలను దెబ్బతీస్తుందన్నది మాత్రం ఎప్పుడో తేలిపోయిన విషయం. షుగరుకు సాధారణంగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీని చెడగొట్టదు. కిడ్నీ పనితీరు ముందే తగ్గినవారికి దాని మోతాదు తగ్గిస్తారు, మరీ తగ్గితే ఆపేస్తారు. హోమియో మందులు షుగరును అదుపు చేస్తాయని నమ్మదగిన రుజువు లేదు. అది తెలిసీ వాడదలచినవారు కీడు కలగకుండా వాడుకునే పద్ధతి ఇది.

వాడుతున్న మాత్రలనుగాని, ఇన్సులిన్‌నుగాని ఆపకూడదు. బీహెచ్ఎంఎస్ (హోమియో వైద్య పట్టా) చదివిన వైద్యుడి దగ్గరకే వెళ్లి, వేసుకుంటున్న మందుల చీటీ చూపించాలి. చీటీ చూడకుండానే "అన్నీ మానేయండి" అనేవారి దగ్గర మళ్లీ అడుగు పెట్టవద్దు.

మొదలుపెట్టే ముందు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించి, ఆ కాగితాలు భద్రపరచాలి. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల సగటును చెబుతుంది కనుక, ఆ తరువాత ఏ మార్పునైనా దానితోనే పోల్చాలి.

సీసా మీద రాసినది చదవడం నేర్చుకోవాలి. షుగరుకు తరచుగా ఇచ్చే సిజీజియం జాంబోలానం మన నేరేడు గింజల నుంచి, సెఫలాండ్రా ఇండికా దొండ నుంచి, జిమ్నెమా పొడపత్రి నుంచి తీసినవే. వాటి మదర్ టించర్‌లో (పలుచన చేయని మూల ద్రవంలో) మొక్క సారంతో పాటు ఆల్కహాల్ కూడా ఉంటుంది. షుగరు తగ్గించే మాత్రలతో కలిపి వాడేటప్పుడు రీడింగు పడిపోతోందేమో గమనించుకోవాలి. "30 సీ" అని ఉంటే నూరు వంతులకు ఒక వంతు చొప్పున ముప్పై సార్లు పలుచన చేశారని అర్థం. పన్నెండోసారి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం అరుదు. షుగరుకు ఇచ్చే మరో హోమియో మందు యురేనియం నైట్రికం విషయం వేరు: యురేనియం లవణాలు కిడ్నీకి విషం కాబట్టి, దాన్ని తక్కువ పలుచనలో ఎవరిచ్చినా, ముఖ్యంగా క్రియాటినిన్ పెరిగినవారు, ముట్టవద్దు. తెల్ల గుళికల్లో ఉండే చక్కెర గురించి బెంగపడనక్కరలేదు, నాలుగు గుళికలు రీడింగును మార్చలేవు.

అసలు తీర్పు చెప్పేది గ్లూకోమీటరూ, నోటుపుస్తకమూ. పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకు ఒకసారి చూసి, తేదీతో రాసుకోవాలి. పక్కనే ఏమి తిన్నారో, ఎంత నడిచారో ఒక్క మాటలో రాయాలి. వేలికి గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి, ఎందుకంటే జీడిమామిడి పండు తిన్న చేతినే తుడుచుకుని చూస్తే, వేలికి అంటిన రసం కూడా కలిసి మీటరు లేని షుగరును చూపిస్తుంది. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా షుగరు పెరగదనుకునేవారు కూడా తాగిన రెండు గంటలకు ఒకసారి చూసుకుంటే మంచిది, చోడిలోనూ పిండిపదార్థమే ఎక్కువ.

గుళికలు మొదలుపెట్టిన వారమే రాత్రి అన్నం మాని, నాగావళి గట్టున గంటసేపు నడవడం ప్రారంభిస్తే, తగ్గిన షుగరు ఘనత దేనిదో ఎవరూ చెప్పలేరు. నడక మాత్రం మానవద్దు. మందు మొదలుపెట్టడానికి నెల ముందే అలవాటు చేసుకుని, ఆ నెల రీడింగులను వేరే పుటలో ఉంచుకోండి. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ తగ్గకపోతే సీసా పక్కన పెట్టి, మీ వైద్యుడితో మాత్రల మోతాదు గురించి మాట్లాడాలి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వచ్చి రీడింగు 70 కన్నా తగ్గితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయకూడదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. షుగరు బాగా పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపించినా అంతే; ఆ స్థితిలో గుళికలు చప్పరిస్తూ తెల్లవారేదాకా ఆగడం ప్రాణం మీదికి తెస్తుంది.