ఒకే డబ్బాలో రెండు రాష్ట్రాల మందులు

ఒడిశాలోని రాయగడలోనో గుణుపురంలోనో మన ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే రెండు రకాల స్ట్రిప్పులుంటాయి. ఇక్కడి సర్కారు ఆసుపత్రిలో నిరామయ పథకం కౌంటర్లో ఉచితంగా ఇచ్చినవి కొన్ని, విశాఖలో పెద్ద డాక్టరుకు చూపించుకుని కొన్నవి కొన్ని. మొదటి రకం మీద మందు అసలు పేరే ఉంటుంది. రెండో రకం మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా, అసలు పేరు చీమల బారులా కింద ఉంటుంది. తికమక ఇక్కడే.

ఇంట్లో షుగరున్న పెద్దాయనకు ఇక్కడ మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ ఇచ్చారనుకోండి. విశాఖలో రాసిన గ్లైకోమెట్ జీపీలో ఉన్నవీ ఆ రెండే. అన్నీ కలిపి వేసుకుంటే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహే తప్పుతుంది. డోలో, కాల్‌పాల్, క్రోసిన్ కూడా అంతే, మూడూ పారాసెటమాలే. కొత్త స్ట్రిప్పు రాగానే చిన్నక్షరాలు చదివి పాతవాటితో సరిచూడండి. ఎవరికి, దేనికి, ఏ పూట అన్నది తెలుగులో చీటీ రాసి రబ్బరు బ్యాండుతో చుట్టండి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా డబ్బా మొత్తం పట్టుకెళ్లండి.

గడువు తేదీ ఉన్న అంచును మాత్రలన్నీ అయిపోయేదాకా చింపకండి. పేరూ తేదీ లేని మాత్ర ఇక మందు కింద లెక్క కాదు.

పిల్లల జ్వరం మందు దగ్గర ఇంకా జాగ్రత్త. 10 కిలోల బిడ్డకు డాక్టరు 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ చెప్పారంటే, 5 మి.లీ.కి 125 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250ది అయితే 3 మి.లీ. అదే మి.లీ.కి 100 ఉండే చుక్కల మందు 1.5 మి.లీ. చాలు. ఆ చుక్కల మందునే చెంచాతో 5 మి.లీ. పోస్తే 500 లోపలికి పోయినట్టే. సీసాతో వచ్చిన కొలతే వాడండి, వంటింటి చెంచా వద్దు.

వైవాక్స్ మలేరియాకిచ్చే ప్రిమాక్విన్ 14 రోజుల కోర్సు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని ఆపేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. మిగిలినవి పక్కింటివాళ్లకు అసలు ఇవ్వొద్దు. గర్భిణులకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపమున్నవాళ్లకు ఇది ప్రమాదం.

పొయ్యి పక్క అలమర, ఫ్రిజ్ నెత్తి, రేకుల కప్పు కింద అటక పనికిరావు. లోపలి గదిలో, పిల్లలకందని ఎత్తులో, గడియ ఉన్న బీరువా మేలు. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఫ్రీజర్‌కు దూరంగా. ఒకసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

గడువు దాటిన మాత్రల్ని బూడిదలోనో మట్టిలోనో కలిపి, కవరు ముడేసి చెత్తలో వేయండి, నాగావళిలో కాదు. పిల్లలు ఏదైనా మింగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, ఖాళీ స్ట్రిప్పు కూడా వెంట తీసుకెళ్లండి.