టోయిక్‌కు ఆఫీసు ఇంగ్లిష్: పదం ఒక్కటే నేర్చుకుంటే చాలదు

టోయిక్ అంటే ఆఫీసుల్లో, ఉద్యోగాల్లో వాడే ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే పరీక్ష. దాని రీడింగ్‌లో 75 నిమిషాల్లో 100 ప్రశ్నలు చేయాలి. రీడింగ్ మొదట్లో వచ్చే ఐదో భాగంలోని 30 ఖాళీలను ఒక్కోటి 20 సెకన్లలో పూరించకపోతే చివర్లో వచ్చే ఈమెయిళ్లు, నోటీసులు చదవడానికి టైం మిగలదు. అందుకే పదం కనబడగానే దాని పక్కన వచ్చే మాటా తట్టాలి.

రోజుకు 10 పదాలు చాలు. ‘ఇన్‌వాయిస్ అంటే బిల్లు’ అని రాసుకుని వదిలేయకండి. ‘ఇష్యూ యాన్ ఇన్‌వాయిస్’ అని క్రియతో కలిపి కార్డు మీద రాయండి, వెనక తెలుగు అర్థం. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత మళ్లీ చూడండి. తెలుగు చూసి ఇంగ్లిష్ పైకి చెప్పాలి. ఇంగ్లిష్ వైపే చదువుతుంటే వచ్చేసినట్టు అనిపిస్తుంది, అంతే.

ఐదో భాగంలో చాలాసార్లు నాలుగు ఆప్షన్లూ ఒకే మూలం నుంచి వస్తాయి. కాబట్టి కంప్లై (నియమాలు పాటించు), కంప్లయంట్ (పాటించే), కంప్లయన్స్ (పాటించడం) మూడూ ఒకే కార్డు మీద ఉండాలి.

మనవాళ్లు ఎక్కువగా పడే గుంట ‘డిస్కస్ అబౌట్ ద బడ్జెట్’. తెలుగులో ‘బడ్జెట్ గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ అక్కడ ‘అబౌట్’గా దూరుతుంది. ‘డిస్కస్ ద బడ్జెట్’ అంటే సరిపోతుంది. ‘రిక్వెస్ట్’ ఇంకా జాగ్రత్త: క్రియ అయితే ‘రిక్వెస్ట్ ఎ రీఫండ్’, నామవాచకం అయితేనే ‘ఎ రిక్వెస్ట్ ఫర్ ఎ రీఫండ్’.

ప్రతి పదాన్నీ చెవితో కూడా నేర్చుకోండి. లిజనింగ్‌లో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా యాసలు వస్తాయి. మనకు అలవాటైన ‘షెడ్యూల్’ అమెరికన్ గొంతులో ‘స్కెజూల్’ అవుతుంది.