పై సగం, కింది సగం విడివిడిగా తెరుచుకునేలా లామినేట్ తలుపును అడ్డంగా కోస్తే అంచు పెచ్చులు లేస్తోందా?

సమస్య: కోత పొడవునా లామినేట్ పెచ్చులుగా ఊడింది

కారణం: లామినేట్, అంటే తలుపు ముఖాల మీద అంటించిన పలుచని పొర, గట్టిగా ఉంటుంది, అంతే పెళుసుగానూ ఉంటుంది. రంపం పళ్లు లోపలికి దిగే వైపు దానికి చెక్క ఆసరా దొరుకుతుంది. పళ్లు బయటికి వచ్చే వైపు ఆసరా ఉండదు కాబట్టి అక్కడే విరుగుతుంది. చేత్తో నడిపే సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం) పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, అందుకే పై ముఖం పాడవుతుంది. సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సాలో మామూలు బ్లేడుదీ అదే తీరు. చేతి రంపం తోసినప్పుడు కోస్తుంది గనుక దెబ్బ కింది ముఖానికి తగులుతుంది.

పరిష్కారం: సర్క్యులర్ సాతో కోసేవారు మంచి ముఖాన్ని కిందికి పెట్టమంటారు. కానీ తలుపుకు రెండు ముఖాలూ కనిపించేవే. పైగా పైభాగం, కింది భాగం రెండూ వాడుకోవాలంటే పారేసే ముక్కంటూ ఉండదు. కాబట్టి బ్లేడు కోత మందం ఎంతో ముందు ఒక పనికిరాని చెక్క మీద కోసి కొలవండి. తలుపు రెండు ముఖాల మీదా అంతే ఎడంతో రెండేసి గీతలు గీయండి. స్టీలు స్కేలు ఆనించి, పదునైన కత్తితో లామినేట్ పూర్తిగా తెగేదాకా నాలుగైదుసార్లు గాటు పెట్టండి. ఈ పనిలో తొందర పడకండి, అంచు అందమంతా ఇక్కడే ఉంది. తర్వాత తలుపు రెండు భాగాలకూ కింద ఆసరా ఇచ్చి, రంపం ఆనుకుని నడిచేలా తిన్నటి బద్దను క్లాంపులతో బిగించి, ఎక్కువ పళ్లున్న కొత్త బ్లేడుతో కోయండి. మొదటిసారి 2 మిల్లీమీటర్ల లోతు చాలు, రెండోసారి పూర్తిగా. రంపం అడుగు రేకుకు టేపు అంటిస్తే గీతలు పడవు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

సమస్య: అంచు నల్లబడింది

బ్లేడు మొద్దుబారింది, లేదా రంపాన్ని మరీ నెమ్మదిగా నడిపారు. బ్లేడు మార్చండి, ప్లగ్ తీశాకే.

సమస్య: కోశాక లోపల డొల్ల కనిపించింది

కారణం: చాలా తేలికపాటి తలుపుల్లో చుట్టూ చెక్క చట్రం, మధ్యలో అట్ట గూళ్లు మాత్రమే ఉంటాయి. కోయకముందే వేలితో తట్టి చూస్తే శబ్దంలో తేడా తెలుస్తుంది.

పరిష్కారం: అట్టను 3, 4 సెంటీమీటర్ల లోపలికి తీసేసి, ఆ ఖాళీకి సరిపోయే ఎండిన చెక్క బద్దను జిగురు రాసి దూర్చండి. జిగురు ఆరేదాకా క్లాంపులు తీయకండి. బద్ద లేకుండా వదిలేస్తే అంచు నొక్కుకుపోతుంది, గడియ మరలూ పట్టవు. ఆపైన అంచుకు పట్టీ అంటిస్తే తేమ లోపలికి పోదు.

సమస్య: ఒక భాగం వాలిపోతోంది

పాత బందులు పంచుకుంటే ఒకదానికి ఒక్కటే మిగిలి ఉంటుంది. ఒక్కో భాగానికి రెండు బందులు ఉండాలి.