పళ్లకు క్లిప్పులు ఉన్నప్పుడు ఎలా తోముకోవాలి?

పళ్లను వరసలోకి తెచ్చే పని తీగ చూసుకుంటుంది. పాచి సంగతి చూసుకోవాల్సింది మాత్రం మనమే. పంటికి అతికించి తీగను పట్టి ఉంచే చిన్న ముక్క, అంటే బ్రాకెట్ చుట్టూ పాచి నిలిచిపోతే నెల తిరక్కుండానే సుద్దలాంటి తెల్లమచ్చలు పడొచ్చు. పాచిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి గట్టి పైపొర ఎనామెల్‌లోని ఖనిజాలను లాగేస్తుంది. క్లిప్పులు తీసేదాకా ఈ నష్టం చాలామంది కంటపడదు.

కావలసినవి: మెత్తటి బ్రష్, సందుల్లో దూరే ఇంటర్‌డెంటల్ బ్రష్, 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు (ట్యూబు మీద చూడండి), పళ్ల సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్), దాన్ని తీగ వెనక్కి దూర్చే థ్రెడర్, క్లిప్పుల మైనం.

1. రబ్బరు బ్యాండ్లను మీరే తీసి పెట్టుకునే రకమైతే ముందు తీసేయండి. నీళ్లు పుక్కిలిస్తే ఇరుక్కున్న మెతుకులు సగం అప్పుడే పోతాయి.

2. బఠాణీ గింజంత పేస్టు వేసుకుని, బ్రష్‌ను చిగురు అంచున 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తోమండి. తప్పు జరిగేది ఇక్కడే. బ్రష్ బ్రాకెట్ మీదే తిరుగుతుంది, బ్రాకెట్‌కూ చిగురుకూ మధ్యనున్న సన్నటి జాగా మిగిలిపోతుంది. తెల్లమచ్చ పడేదీ అక్కడే.

3. ఇప్పుడు బ్రష్‌ను రెండో వైపు వాల్చి బ్రాకెట్ అవతలి అంచు తోమండి. తర్వాత బ్రాకెట్ల మీద, లోపలి వైపు, నమిలే వైపు.

4. ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను రెండు బ్రాకెట్ల నడుమ తీగ వెనక్కి దూర్చండి, పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి. రాత్రిపూట ఫ్లాస్ కూడా చేయండి. మొదట్లో పావుగంట పట్టినా విసుక్కోకండి, చేయి తిరిగాక తగ్గుతుంది.

5. నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

పులుపు తిన్నా తాగినా అరగంట ఆగి తోమండి, అప్పటిదాకా ఎనామెల్ మెత్తబడి ఉంటుంది.

చిగుళ్లలో రక్తం వస్తోందని తోమడం మానేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. వారం, పది రోజులు శుభ్రంగా తోమినా ఆగకపోతే డాక్టరుకు చూపించండి. తీగ కొస బుగ్గకు గుచ్చుకుంటే ఆ చోటును దూదితో తడి లేకుండా తుడిచి, మైనాన్ని చిన్న ఉండగా చేసి అద్దండి. తడి మీద మైనం అంటదు. బ్రాకెట్ ఊడి తీగకు వేలాడుతుంటే లాగకండి, క్లినిక్‌కు ఫోన్ చేయండి.

ఇక తెల్లబరచడం. క్లిప్పులు ఉండగా వద్దు. జెల్ బ్రాకెట్ కిందికి పోదు కాబట్టి తీసినప్పుడు రంగు తేడా తెలిసిపోతుంది. తీశాక కూడా డాక్టరు చూసి సరేనన్నాకే. తెల్లమచ్చలుంటే మొదట్లో అవి ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. ఇంట్లో జెల్ వేసి పళ్లకు తొడుక్కునే ట్రేలకు సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇస్తారు. పంటికి ఒక చిన్న చుక్క చాలు, ఎక్కువైతే చిగుళ్ల మీదికి కారి మండుతుంది. పళ్లు జివ్వుమంటే ఒకటి రెండు రోజులు ఆపండి. ఫిల్లింగ్‌లూ క్యాప్‌లూ మాత్రం రంగు మారవు. ముందుపళ్లకు ఫిల్లింగ్ మార్పించుకోవాలనుకుంటే తెల్లబరచడం అయ్యాకే ఆ పని పెట్టుకోండి. నిమ్మరసం, బొగ్గుపొడి జోలికి పోకండి: ఎనామెల్ అరిగేకొద్దీ దాని కిందనున్న పసుపు పొరే బయటపడుతుంది.